ఉప్పు వేయని రొట్టె

అమ్మ నాకు కలలో వచ్చినప్పుడల్లా చేతిలో చెంబు ఉంటుంది. ముఖం ఒక్కోసారి సరిగా కనిపించదు. చీర రంగు మారిపోతుంది. కొన్నిసార్లు ఆమె నాకంటే చిన్నదిగా ఉంటుంది. చెంబు మాత్రం అదే, ఒక పక్క సొట్టపడిన ఇత్తడి చెంబు. శనివారం సాయంత్రం, ఎండ మెత్తబడి దుమ్ము పసుపురంగులో గాలిలో నిలబడిపోయే వేళ, ఆమె ఖాళీ చెంబుతో వాకిలి దాటి వెళ్తుంది. నిండు చెంబుతో తిరిగి వస్తుంది. మధ్యలో ఎక్కడికి వెళ్లిందో కల చూపించదు. నాకు తెలిసిందే కదా, చూపించడమెందుకని చాలా ఏళ్లు అనుకున్నాను.

మాది కొల్లాపూర్ పక్కన పల్లె. మామిడితోటల అంచున మా మందిరం ఉంది. రాతిగోడలు, రేకుల కప్పు, కింద చాపలు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. అంటే రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుకుని, ఆయన మా కోసం చనిపోయిన సంగతిని అందరం కలిసి గుర్తుచేసుకుంటాం. చాలా చోట్ల దానికి దుకాణంలో దొరికే రొట్టె తెస్తారు. మా దగ్గర ఇంట్లో పెనం మీద చేసిన రొట్టె. గోధుమపిండి, నీళ్లు, అంతే. పులిసిన పిండి కలపరు, నూనె తాకించరు, ఉప్పు వేయరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ రొట్టె చేసింది మా అమ్మ.

పిండి తడిపే ముందు ఆమెకు ఒక పని ఉండేది. ఆ నెలలో ఎవరితో మాట పట్టింపు వచ్చినా, వాళ్ల గడప ఎక్కి, నా మీద ఏమన్నా ఉందా అని అడిగి రావాలి. గొడవ ఏమీ లేకపోయినా ఇరుగుపొరుగును అడగాలి. ఎవరూ ఆమెకు ఆ నియమం పెట్టలేదు. బల్ల దగ్గరికి వచ్చే ముందు మనస్పర్థలు తీర్చుకుని సమాధానపడండి అని అప్పటి పాస్టరు అయ్యగారు ఒక ఆదివారం చెబితే, అందరం తల ఊపాం. అమ్మ ఒక్కతే శనివారం లేచి వెళ్లింది. ఆమెకు చదువు రాదు. ఆదివారం విన్నదాన్ని మిగిలిన ఆరు రోజులూ కాళ్లతో చేతులతో నెమరువేసేది. పత్తి ఏరే కూలికి వెళ్తే, బరువు పెరగాలని మూట మీద నీళ్లు చల్లడం అందరికీ అలవాటు. అమ్మ మూట పొడిగా ఉండేది. బట్టలుతికే చోట ఎవరి మీదో మాటలు మొదలైతే, సగం ఉతికిన చీరను తడితోనే భుజాన వేసుకుని వచ్చేసేది. ఇవన్నీ భక్తి పనులని ఆమె అనుకున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. మనల్ని క్షమించారు, కనుక మనం ఇట్లా ఉంటాం, అంతే.

మా ఇంటి వెనక ఒక ముస్లిం కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దావిడను నేను పిన్నిని పిలిచినట్టు ఖాలా అంటాను. వాళ్ల పెరట్లో చేదబావి ఉంది. అమ్మ శనివారం తిరుగుడు ఎప్పుడూ ఆ ఇంట్లోనే ముగిసేది. ఖాలా ఆమెను ఆటపట్టించేది.

"ఈ నెల మనం కొట్లాడనే లేదు గదనే. ఆగు, జరసేపు కొట్లాడుదాం. తర్వాత మాఫీ అడుగుదువు."

ఇద్దరూ నవ్వుకుంటూ బావి గట్టు మీద కూర్చునేవాళ్లు. తర్వాత అమ్మ చెంబుడు నీళ్లతో ఇంటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మాట్లాడకుండా పిండి తడిపేది. చెంబు ఎందుకమ్మా అని ఒకసారి అడిగాను. "ఉత్త చేతులతో పోతే ఏం చెప్పనీకి వచ్చిందో అని భయపడుతరు. చెంబు ఉంటే నీళ్లకొచ్చిందనుకుంటరు" అంది. నాకా జవాబు ఎంత నచ్చిందంటే, ఇంకో జవాబు ఉండొచ్చని తోచనే లేదు.

ఇక నా సంగతి. నాకు మాటలు గుర్తుంటాయి. బడిలో నా పలక పగలగొట్టి నవ్విన పిల్ల ఇప్పుడు బల్మూర్‌లో నలుగురికి అమ్మమ్మ. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది. పెళ్లిపందిట్లో నా రంగు గురించి గుసగుసలాడిన ఇద్దరు ఆడవాళ్లు ఏ చీరలు కట్టుకున్నారో చెప్పగలను. గద్వాలలో నర్సుగా పనిచేసిన ఇన్నేళ్లలో ఎవరు నన్ను ఏమన్నారో వరుసగా చెప్పమంటే చెబుతాను. మా ఆయన, "నీ తలకాయల ఉన్నది మెదడు గాదు, పోలీస్ ఠాణ. ఒక్క కేసన్న మూసెయ్యవు" అంటాడు. ఆ మాట కూడా గుర్తుంది. దవాఖాన పని అయిపోయాక, అమ్మను చూసుకోవడానికి మేమిద్దరం ఊరికి వచ్చేశాం. వస్తూనే పెరట్లో బోరు వేయించాం. అమ్మ మాత్రం శనివారం చెంబుతో ఖాలా ఇంటికే పోయేది. అలవాటులే అనుకున్నాం.

మామిడి పూత రాలుతున్న రోజుల్లో అమ్మ పోయింది. ఏడేళ్లయింది. ఆ నెల దాటి వచ్చిన మొదటి ఆదివారానికి రొట్టె నేను చేస్తానని అడిగాను. అమ్మ పెనం నా దగ్గరే ఉంది. మందిరంలో ఆడవాళ్ల పనులు చూసేది సంఘపెద్ద భార్య. అందరూ ఆమెను పెద్దక్క అనేవాళ్లు. ఆమె సరేనంది. శనివారం నేను ఎవరింటికీ పోలేదు. నాకు ఎవరితోనూ గొడవ లేదు. ఉన్నా తప్పు నాది కాదు. పిండి తడిపాను. అమ్మ లాగే మాట్లాడకుండా చేశాను. రొట్టె పెనం మీద పొంగి, ఆవిరి వదిలి, మెల్లగా అణిగిపోయింది. దాన్ని తెల్లగుడ్డలో చుట్టి పొద్దున్నే తీసుకువెళ్లాను. చుట్టినప్పుడు ఆ గుడ్డకు పాకిన వెచ్చదనం నా అరచేతుల్లో ఇప్పటికీ ఉంది.

బల్ల సర్దుతూ పెద్దక్క రొట్టె అంచు తుంచి నోట్లో వేసుకుంది. ఎప్పుడూ అట్లాగే రుచి చూసేది. నమిలింది. ఆగింది. చుట్టూ ఉన్న నలుగురు ఆడవాళ్లను చూసి అంది: "ఉప్పేసింది."

వేయలేదన్నాను. మళ్లీ అన్నాను. ఆమె నా వైపు తిరగలేదు. "తల్లి పెనం వచ్చింది గని తల్లి చెయ్యి రాలే" అని రొట్టెను మడిచి కిటికీలో పెట్టి, ఎవరినో దుకాణానికి పంపింది. ఆ రోజు సంఘమంతా బన్ను ముక్కలు తిన్నది. ఆరాధన జరుగుతున్నంతసేపూ కిటికీలోంచి వెలుగు నా రొట్టె మీద పడుతూనే ఉంది. పాటలు దూరంగా, నీళ్ల అడుగున పాడుతున్నట్టు వినిపించాయి. ఇంటికి తెచ్చి, వంటింట్లో నిలబడి, ఆ రొట్టె మొత్తం నేనే తిన్నాను. ఉప్పు లేదు. నా నాలుకే నాకు సాక్షి.

ఆ రోజు నుంచి నేను బల్లలో పాలుపంచుకోలేదు. మందిరం మానలేదు. స్తంభం పక్కన నా చాప మీద ఎప్పటిలాగే కూర్చునేదాన్ని. పళ్లెం కుడి వైపు నుంచి వచ్చేది, నేను ఎడమ వైపుకు అందించేదాన్ని. నా మీదుగా ఏడేళ్ల రొట్టె వెళ్లిపోయింది. లోపల కోపం పెట్టుకుని ఆ రొట్టె తినడం తన మీదికి తానే తీర్పు తెచ్చుకోవడమని మాకు నేర్పారు. మిగిలినవాళ్లు అక్కాచెల్లెళ్లతో మాటలు మానేసి కూడా తింటున్నారు. నేను తినడం లేదు. బోధను నాకంటే గట్టిగా పట్టుకున్నదెవరని నాలో నేనే అనుకునేదాన్ని. కోపం వదిలిపెట్టమని కూడా అదే బోధ చెబుతుందని తెలుసు. కానీ ఆమె వచ్చి అడగాలి కదా. అడగకుండా దేన్ని వదిలిపెట్టాలి?

రొట్టె పెద్దక్కే చేయసాగింది. ముగ్గురు అయ్యగార్లు మారారు. ముగ్గురికీ చెప్పుకున్నాను. మొదటాయన ప్రార్థన చేద్దామన్నాడు. రెండో ఆయన ఆమెతో మాట్లాడతానన్నాడు. మాట్లాడలేదు. ఆయన బదిలీ అయి వెళ్లే రోజు వీడ్కోలు చెప్పడానికి నేను పోలేదు. సంఘపెద్ద చనిపోయినప్పుడు మాత్రం వెళ్లాను. గేటు బయట నిలబడి, శవపేటిక బయటికి వచ్చాక, తిరిగి వచ్చేశాను. అంతవరకు నా ధర్మమనుకున్నాను. కొన్నాళ్లకు పెద్దక్క అమరచింతలో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. బల్ల మీదికి మళ్లీ బన్నులు వచ్చాయి.

మూడో అయ్యగారు చిన్నవాడు, బల్మూర్ వైపు మనిషి. పోయిన ఏడాది వానాకాలమంతా ఆయన ఒకే సంగతి బోధించాడు. హితబోధ అంటే ఏమిటి, అది ఇంట్లోకి ఎట్లా దిగుతుంది అని. ముసలివాళ్లు ఎట్లా ఉండాలి, పెద్ద వయసు స్త్రీలు చిన్నవాళ్లకు ఏం నేర్పాలి, పనివాళ్లు ఎట్లా పనిచేయాలి. రేకుల మీద వాన పడుతుంటే ఆయన మాట సగమే వినిపించేది. ఆ సగంలో కూడా నేను తప్పులు వెతికేదాన్ని. ఒకరోజు ఆయన ఇంటికి వచ్చి, బల్లకు రొట్టె నన్ను చేయమన్నాడు.

ఏడేళ్లుగా నేను అడగకుండా అడుగుతున్నది అదే. అమ్మ పెనం గోడకు అట్లాగే వేలాడుతోంది. చేస్తానన్నాను.

అప్పుడాయన తాపీగా, ఒకసారి మందిరంలో సాక్ష్యం చెప్పేటప్పుడు నేను మా అమ్మ శనివారం తిరుగుడు గురించి చెప్పానని గుర్తుచేశాడు. నిజమే, గర్వంగా చెప్పాను. "మీ అమ్మ చేసినట్లు చెయ్యమ్మా. రొట్టె ఒక్కటే కాదు, మొత్తం చెయ్యి" అన్నాడు.

నాకు అర్థమైంది. ఆయన నన్ను అమరచింత పొమ్మంటున్నాడు. తప్పు చేసిన మనిషి రావాలి గానీ, మాట పడ్డ మనిషి ఎందుకు పోవాలని అడిగాను. ఎవరికైనా మన మీద ఏదైనా ఉంటే ముందు వెళ్లి సమాధానపడమని రాసి ఉంది కదా, అది ఆమెకు వర్తిస్తుంది కదా అన్నాను. వర్తిస్తుందన్నాడు. మనకు అన్యాయం చేసినవాడి దగ్గరికి మనమే వెళ్లి ఒంటరిగా మాట్లాడమని కూడా రాసి ఉందని, అది నాకు వర్తిస్తుందని చెప్పాడు. అంటే ఇద్దరూ బయలుదేరాలి. ఇద్దరూ ఇంట్లోనే కూర్చున్నారు.

అయినా ముందు ఆమెదే అన్నాను. నేను తేలికగా ఓడిపోయే మనిషిని కాను. పెరట్లో బోరు మోటారు ఆగిపోయాక ఆయన అన్నాడు:

"తప్పు చేసినోళ్లే ముందుగల్ల లేవాలంటే, మన దగ్గరికి ఎవరొచ్చేటోళ్లమ్మా? ప్రభువు మనకేం బాకీ ఉండెనని లేచి వచ్చిండు?"

నాకు కోపం వచ్చింది. అయ్యగారి మీద కాదు, ఆ మాట మీద. అది మా అమ్మ మాట. ఖాలా కోడి మా విత్తనాలన్నీ గింజ మిగలకుండా తిన్న నెలలో కూడా అమ్మే చెంబు పట్టుకుని వెళ్తుంటే, చిన్నదాన్ని నేను అడ్డం నిలబడి తప్పు వాళ్లది కదా అన్నాను. అమ్మ నన్ను పక్కకు జరిపి, "ఎవరిదైనా గానీ, ఆయన గట్లనే వచ్చిండు" అని వెళ్లిపోయింది. ఆయనంటే ఎవరో, ఎక్కడికి వచ్చాడో చెప్పలేదు. అంతకంటే పెద్ద బోధ ఆమెకు తెలియదు. అంతకంటే పెద్దది ఉందని నాకిప్పుడూ తెలియదు.

పోతానని అయ్యగారితో అనలేదు. పెనం కోసం పోతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. శనివారం పొద్దున మొదటి బస్సుకు బయలుదేరాను. చేతిసంచిలో నీళ్ల సీసా, రెండు అరటిపళ్లు పెట్టుకున్నాను. తలుపు వేశాక మళ్లీ తీసి, లోపలికి వెళ్లి, అమ్మ చెంబు కూడా సంచిలో వేసుకున్నాను. ఎందుకంటే ఉత్త చేతులతో పోవడానికి భయమేసింది.

ఆ ప్రయాణం నాకు సరిగా గుర్తులేదు. ఇది రాయడానికి నాకే ఆశ్చర్యంగా ఉంది, అన్నీ గుర్తుండే మనిషిని. తోటల మీద మంచు ఇంకా విడలేదు. చెట్లు కాళ్లు లేకుండా తెల్లటి పొగలో తేలుతున్నాయి. వనపర్తి బస్టాండులో దిగి ఇంకో బస్సు ఎక్కాను. కిటికీ పక్కన నేను సంచి పెట్టుకున్న సీట్లో ఒకాయన కూర్చున్నాడు. ఆయన ముఖం మాత్రం గుర్తుంది. తర్వాత కునుకు పట్టింది. కునుకులో బస్సు ఆగిన ప్రతి ఊళ్లోనూ అమ్మ దిగుతోంది. ప్రతి ఊళ్లోనూ మళ్లీ ఎక్కుతోంది. చెంబులో నీళ్లు తొణుకుతున్న చప్పుడు. మెలకువ వచ్చి చూస్తే సీసా మూత వదులై ఒడంతా తడిసింది. బయట వేరుశనగ చేలు, రాళ్లగుట్టలు, మళ్లీ చేలు. పెద్దక్కకు చెప్పవలసిన మాటలను వరుసగా పేర్చుకున్నాను. ఏ రోజు, ఎవరి ముందు, ఏమంది. అవి ఏడేళ్లుగా పేర్చినవే. మగ్గం మీద పోగుల్లాగా ఎక్కడా తెగకుండా ఉన్నాయి.

అమరచింతలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పెద్దక్క వాకిట్లో ఎండకు పీట వేసుకుని కూర్చుంది. సగమైపోయింది మనిషి. ఆమె నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. వాళ్ల బిడ్డ బయటికి వచ్చి నాకు కుర్చీ వేసి, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయింది.

నేను పేర్చుకున్న మాటల్లో మొదటిది తీయబోయాను. ఆమె ముందు మాట్లాడింది.

"నువ్వు ఉప్పెయ్యలే."

ఆమె నేలను చూస్తూ చెప్పింది. ఈ ఇంటి నీళ్లు ఉప్పునీళ్లు. ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఈ ఊరి మందిరానికి బల్ల రొట్టె తానే చేస్తానని చేసింది. ఎప్పటిలాగే అంచు తుంచి నోట్లో వేసుకుంది. ఉప్పగా ఉంది. పిండి డబ్బా వాసన చూసింది, పెనం కడిగింది, మళ్లీ చేసింది. మళ్లీ ఉప్పగానే ఉంది. అప్పుడు తెలిసిందట. నీళ్లు. మా పెరట్లో బోరు వేయించింది గుర్తొచ్చిందట. దానితో పాటు కిటికీలో పెట్టిన నా రొట్టె గుర్తొచ్చిందట.

"ఎన్నాళ్లయింది తెలిసి?" అన్నాను.

"ఏడాది దాటింది."

"మరి రాలేదేంది?"

"మోకాళ్లు రానియ్యలే." మోకాలి మీద చెయ్యి తీసేసింది. "అబద్ధం. మోకాళ్లు గాదు."

నేను గెలిచాను. ఏడేళ్లు ఎదురుచూసింది ఇదే. గెలుపు ఎట్లా ఉంటుందో అనుకున్నాను గానీ, ఎండలో ఇద్దరు ముసలివాళ్లు ఒకరి పాదాలు ఒకరు చూసుకుంటూ కూర్చోవడంలా ఉంటుందని అనుకోలేదు.

"నలుగుర్ల అన్న" అంది ఆమె. "ఆ నలుగుర్ల ఇద్దరు పోయిరి. ఇప్పుడు ఎవరికి చెప్పాలె?"

"నాకు చెప్పు."

ఆమె చెప్పింది. ఏమని చెప్పిందో రాయను. అది నాకు చెప్పింది.

ఆ తర్వాత ఆమె నా సంచిలోంచి తొంగిచూస్తున్న చెంబును చూసి, అదెందుకు తెచ్చావని అడిగింది. అమ్మ శనివారాలు దాంతోనే పోయేదని, చేతిలో ఏదో ఒకటి ఉండాలని చెప్పాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"నీళ్లకు గాదా పోయేటిది? ఆ బావి నీళ్లు తియ్యగుంటయి. మీ అమ్మ ఆ నీళ్లతోటి తప్ప పిండి తడిపేటిది గాదు. గది నీకు తెల్వదా?"

నాకు తెలియదు. ముప్పై నలభై ఏళ్ల శనివారాల చెంబులు నా కళ్ల ముందు ఒక్కసారిగా నిండాయి. నా చిన్నప్పుడు అందరి ఇళ్లలోనూ ఆ బావి నీళ్లే కనుక తేడా ఉండేది కాదు. బోరు వచ్చాక మా నాలుకలు ఉప్పుకు అలవాటు పడ్డాయి. తాగడానికి డబ్బా నీళ్లు కొనేవాళ్లం. వంటకు బోరు నీళ్లు. వంటింట్లో నిలబడి రొట్టె మొత్తం తిని, ఉప్పు లేదని తీర్పు చెప్పిన నా నాలుక ఆ బోరుదే. ఆ శనివారం అమ్మలాగే, నా మీద ఏమన్నా ఉందా అని అడగడానికి ఖాలా ఇంటికి వెళ్లి ఉంటే, చేతిలో చెంబు ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు అది నిండి ఉండేది. ఎవరితోనూ గొడవ లేదని నేను ఇంట్లో కూర్చున్నాను. ఉప్పు నేను వేయలేదు. కానీ నా రొట్టెలోకి ఉప్పు వచ్చింది నేను పోకపోవడం వల్లనే.

ఈ సంగతి ఆమెకు చెప్పనవసరం లేదు. చెప్పకుండా వచ్చేయవచ్చు. నా పోగుల్లో అది నా వైపు తెగిన పోగు. చాలాసేపు చెంబు సొట్టను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాను. నేను వచ్చింది ఆమె చేత ఒక మాట అడిగించుకోవడానికి. నోటికి వచ్చింది ఇంకో మాట.

"నా మీద ఏమన్నా ఉందా, అక్కా?"

లేదంటుందనుకున్నాను. మర్యాదకు అందరూ లేదనే అంటారు.

"ఉంది" అంది. "మా ఆయన పోయిన్నాడు గేటు బయటనే నిలబడితివి. లోపట అడుగు పెట్టలే. ఊరంత చూసింది. నీళ్లు ముట్టకుండ పోతివి."

ఆ రోజు నేను ఏ చీర కట్టుకున్నానో ఆమె చెప్పింది. సరిగ్గా చెప్పింది. నాలాంటి మనిషి ఇంకొకరు లోకంలో ఉన్నారని నాకు అంతవరకూ తెలియదు.

నీళ్లిమ్మని అడిగాను. వద్దు, ఉప్పుంటాయి, పాలు వస్తున్నాయని ఆమె అంది. నీళ్లే కావాలన్నాను. వాళ్ల బిడ్డ తెచ్చిన గ్లాసెడు నీళ్లు ఆమె చూస్తుండగా గుక్క విడవకుండా తాగాను. నిజంగా ఉప్పగానే ఉన్నాయి. ఆ తర్వాత పాలు తాగాం. మోకాళ్లకు ఏ నూనె మంచిదో, మందిరం రేకులు ఎక్కడ కారుతున్నాయో మాట్లాడుకున్నాం. లేచేటప్పుడు ఆమె నా చేయి పట్టుకుంది. అరచేతిని తిప్పి చూసి వదిలేసింది.

తిరుగు ప్రయాణంలో నిద్ర పట్టలేదు గానీ అంతా నిద్రలాగే ఉంది. కొల్లాపూర్‌లో దిగేసరికి ఎండ మెత్తబడింది. దుమ్ము పసుపురంగులో గాలిలో నిలబడి ఉంది. ఇంటికి పోకుండా నేరుగా వెనక వాకిలికి వెళ్లాను. ఖాలా చూపు తగ్గింది. ఎవరో అనుకుని చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, చెంబును గుర్తుపట్టింది.

"ఏడేండ్ల సంది రాలే" అంది. "గంత పెద్ద కొట్లాట ఏం పెట్టుకున్నమే మనం?"

నా మీద ఏమన్నా ఉందా ఖాలా అని అడిగాను.

"ఉంది. మీ మామిడాకులన్నీ నా వాకిట్ల పడుతున్నయి. ఊడ్వలేక నడుములు పోతున్నయి."

ఆ ఆకుల్లో సగం ఆమె వేపచెట్టువే. ఎన్నోసార్లు మా ఆయనతో అన్నాను కూడా. ఇప్పుడు ఖాలాతో అనలేదు. చీపురు తీసుకుని వాకిలి ఊడ్చాను. తర్వాత ఆమె గిలక దగ్గర నిలబడి చెబుతుంటే నీళ్లు చేదాను. బావిలో ఆకాశం చిన్నగా వణికి, చేదతో పాటు పైకి వచ్చింది. చెంబు నింపుకుని ఇంటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మాట్లాడకుండా పిండి తడిపాను.

ఆదివారం రొట్టె రుచి చూడటానికి పెద్దక్క లేదు. అయినా అయ్యగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నేను కిటికీ వైపే చూస్తున్నాను. ఆయన రొట్టె విరిచే ముందు ఒక అంచును విడిగా తెల్లగుడ్డలో చుట్టాడు. సోమవారం అమరచింత పోతున్నానని, అక్కడ మంచంపట్టిన సోదరి ఉందని చెప్పాడు. మోకాళ్ల నొప్పిని మంచంపట్టడం అనరు. తర్వాత ఆయనకు చెప్పాలనుకున్నాను.

పళ్లెం కుడి వైపు నుంచి వచ్చింది. పక్కనున్నావిడ అలవాటుగా నా మీదుగా ఎడమ వైపుకు అందించబోయింది. నేను పళ్లెం అంచు పట్టుకున్నాను. ఆమె నా ముఖం చూసి చెయ్యి వదిలింది. ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాను.

ఏ రుచీ లేదు. అమ్మ చేసినప్పుడు కూడా ఇట్లాగే ఉండేది.